వెక్కిరింతకూ ఛందస్సు ఉంది: ‘స్పేస్‌బాల్స్’ చెబుతున్న పాఠం

హాలీవుడ్ హాస్య దర్శకుడు మెల్ బ్రూక్స్ తీసిన ‘స్పేస్‌బాల్స్’కి రెండో భాగం 2027లో వస్తుందని 2025 జూన్‌లో ప్రకటించారు. బ్రూక్స్‌కి 99 ఏళ్లు నిండటానికి అప్పటికి రెండు వారాలే ఉంది. 1987 నాటి మొదటి భాగాన్ని ‘స్టార్ వార్స్ మీద చౌకబారు స్పూఫ్’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట పూర్తిగా తప్పు. అసలు సినిమాని ఎంత శ్రద్ధగా తీశారో అంతే శ్రద్ధగా తీస్తే తప్ప పేరడీ నిలబడదని ఈ సినిమా చూపించినంత స్పష్టంగా మరేదీ చూపించలేదు. తెలుగులో అలాంటిది రాకపోవడానికి సగం కారణం మన కాపీరైట్ చట్టంలో ఉందన్నది నా వాదన.

మొదటి షాట్ చూడండి. 1977లో జార్జ్ లూకస్ తీసిన ‘స్టార్ వార్స్’ మొదలవగానే తెర పైఅంచు నుంచి ఒక రాక్షస నౌక మన నెత్తి మీదుగా సాగిపోతుంది. నిజానికి అది మూడడుగుల నమూనా. అది కదల్లేదు, కెమెరాయే దాని కింద నుంచి జరిగింది. లెన్సు నమూనాకి దాదాపు ఆనుకుని వెళుతుంది కాబట్టి ఉపరితలం మీద సన్నటి నగిషీ లేకపోతే నౌక బొమ్మలా తేలిపోతుంది. అందుకే పనివాళ్లు ట్యాంకులు, యుద్ధనౌకల ప్లాస్టిక్ కిట్లు కొని, వాటి ముక్కల్ని నౌక ఒళ్లంతా అతికించారు. ముందూ వెనకా రెండూ ఫోకస్‌లో ఉండాలంటే ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, బాగా బిగించాలి. ఎపర్చర్ బిగిస్తే వెలుతురు చాలదు, ఒక్కో ఫ్రేమ్‌ని ఎక్కువసేపు ఎక్స్‌పోజ్ చేయాలి. నౌకని ఒకసారి, దాని దీపాల్ని ఒకసారి విడివిడిగా తీసి కలపాలంటే కెమెరా ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే దారిలో నడవాలి. ఇంత తతంగం ఉంది.

‘స్పేస్‌బాల్స్’ ఇందులో దేన్నీ దాటవేయలేదు. 1977లో ఆ ఎఫెక్ట్స్ విభాగాన్ని నడిపిన జాన్ డైక్‌స్ట్రా ఆ తర్వాత పెట్టుకున్న సంస్థ పేరు అపోజీ. బ్రూక్స్ ఎఫెక్ట్స్ పని అపోజీకే అప్పగించాడు. అందుకే పేరడీ నౌక కూడా నిజమైన నౌకలాగే వస్తుంది. వస్తూనే ఉంటుంది. నిమిషం దాటినా వస్తూనే ఉంటుంది. మొదటి పది సెకన్లు మనకి పాత సినిమా గుర్తొస్తుంది. ఆ తర్వాత కాస్త విసుగు పుడుతుంది. ఇక అయిపోయిందనుకున్న చోట సంగీతం మళ్లీ లేస్తుంది. అక్కడ విసుగు నవ్వుగా మారుతుంది. చిట్టచివర నౌక వెనకభాగాన ‘మేం ఎవరికోసమూ బ్రేకు వేయం’ అనే అర్థంలో ఒక కారు స్టిక్కర్! ఈ షాట్‌ని ఇరవై సెకన్లకి కోస్తే అది వట్టి అనుకరణ. నమూనా అట్టముక్కలా కనిపిస్తే మనం మొదటి సెకనులోనే నవ్వేస్తాం, ఇక స్టిక్కర్ దాకా ఆగాల్సిన పనే ఉండదు.

ఇది మనవాళ్లకి కొత్త పాఠమేమీ కాదు. జరుక్ శాస్త్రి శ్రీశ్రీని పేరడీ చేసినప్పుడు ముందుగా పట్టుకున్నది శ్రీశ్రీ నడకనే. ‘నేను సైతం’ మూడు, నాలుగు మాత్రల విరుపుతో నడుస్తుంది. ఆ విరుపు ఒక్క చోట తప్పినా వినేవాడికి శ్రీశ్రీ గుర్తురాడు, శ్రీశ్రీ గుర్తురాకపోతే పేరడీ లేదు. మాటలు ఎంత దిగజారినా మాత్ర దిగజారకూడదు. బ్రూక్స్ నౌకకి ఉన్నది కూడా ఆ మాత్రాఛందస్సే.

సంగీతంలోనూ ఇదే క్రమశిక్షణ. జాన్ మోరిస్ ఇచ్చిన స్కోరు ‘స్టార్ వార్స్’కి జాన్ విలియమ్స్ కట్టిన బాణీని ఎత్తుకోలేదు. ఆ వాద్యగోష్ఠి గాంభీర్యాన్ని మాత్రమే తీసుకుని సొంత బాణీ కట్టుకుంది. ‘ఏలియన్’ సినిమాలో పొట్ట చీల్చుకుని బయటికొచ్చే జీవి ఇక్కడ టోపీ పెట్టుకుని హోటల్ కౌంటర్ మీద పాటపాడుతూ చిందేస్తుంది. పొట్ట పట్టుకుని విలవిల్లాడే నటుడు అసలు సినిమాలోని జాన్ హర్టే. ఆ పాటేమో 1899 నాటిది, ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేనిది. ఇలాంటి నిర్ణయాలు పొరపాటున జరగవు.

అనువాదంలో నిలబడే హాస్యం కూడా ఇందులో చాలానే ఉంది. ‘ఎడారిని కూంబ్ చేయండి’ అని పైనుంచి ఉత్తర్వు వస్తే సైనికులు మనిషంత దువ్వెనలు పట్టుకుని ఇసుకని దువ్వుతుంటారు. ‘కూంబింగ్’ అనే మాటని దశాబ్దాలుగా దినపత్రికల్లో చదువుతున్న తెలుగువాడికి ఈ దృశ్యం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రాడార్ ‘జామ్’ అయిందంటే దాని మీద నిజంగానే పండ్ల జామ్ కారడమూ అంతే.

దీనికి ఎదురుగా వినిపించే వాదన ఒకటుంది, సినిమా ఆలస్యంగా వచ్చిందని. ‘స్టార్ వార్స్’ మొదటి మూడు సినిమాల వరస 1983లో ముగిసింది, 1987కి ఆ వేడి చల్లారిపోయింది, ఇది చాలా ముందే రావాల్సిందని అప్పట్లో సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కూడా రాశారు. వసూళ్లు కూడా ఓ మోస్తరే. దాదాపు 2.3 కోట్ల డాలర్లతో తీస్తే అమెరికాలో 3.8 కోట్లు వచ్చాయి.

నా దృష్టిలో ఆ ఆలస్యమే దీని బలం. 1977లో ఈ సినిమా తీసి ఉంటే ఎగతాళి చేయడానికి నల్ల శిరస్త్రాణం, వెలుగు కత్తి తప్ప ఏమీ దొరికేవి కావు. అసలు వ్యాపారం ఆ తర్వాత పుట్టింది. లూకస్ తక్కువ పారితోషికంతో సరిపెట్టుకుని, బొమ్మలూ బట్టల మీద హక్కుల్ని తన దగ్గర ఉంచుకున్నాడు. ఆ హక్కుల విలువ స్టూడియోకి అర్థం కాలేదు. 1977 క్రిస్మస్ నాటికి కెన్నర్ కంపెనీ బొమ్మలు తయారు చేయలేకపోయింది. అయినా దుకాణాల్లో అట్టపెట్టె అమ్మింది. అందులో బొమ్మ లేదు, ఒక సర్టిఫికెట్ ఉంది. దాన్ని పోస్టులో పంపితే మరుసటి ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. జనం ఆ ఖాళీ పెట్టెని కొన్నారు.

పదేళ్ల తర్వాత బ్రూక్స్ గురిపెట్టింది ఆ పెట్టె మీదే. జ్ఞానోపదేశం చేయాల్సిన గురువు యోగర్ట్ గుహలో తెర తొలగించి సరుకులు చూపిస్తాడు. టీషర్టు, లంచ్‌బాక్స్, రంగులు నింపే పుస్తకం, పిల్లలకి ఫ్లేమ్‌త్రోయర్, అన్నిటి మీదా సినిమా పేరే. సినిమాకి అసలు డబ్బు వచ్చేది ఇక్కడేనని అరిచి చెబుతాడు. విలన్లు హీరో జాడ తెలియక, తాము నటిస్తున్న సినిమా క్యాసెట్‌నే అలమరలోంచి తీసి ముందుకి తిప్పి చూస్తారు. ఇంటింటికీ వీడియో చేరకముందు ఈ దృశ్యం రాయడం సాధ్యమే కాదు.

ఇప్పుడు అసలు మెలిక. లూకస్ ఈ సినిమాకి అభ్యంతరం చెప్పలేదు, ఒక్క షరతు పెట్టాడని బ్రూక్స్ పలుమార్లు చెప్పాడు. ఈ సినిమా పేరుతో బొమ్మలు అమ్మకూడదు, ఎందుకంటే అవి తన బొమ్మల్లాగే ఉంటాయి. అంటే యోగర్ట్ గుహలోని సరుకంతా తెర మీద మాత్రమే ఉండటానికి అనుమతి ఉంది. దయగల హక్కుదారు దొరికాడు కాబట్టి ఆ సినిమా బతికింది. పేరడీ ఒకరి మంచితనం మీద ఆధారపడి బతకాల్సిన పరిస్థితి ఉండకూడదు.

అమెరికాలో 1994లో సుప్రీంకోర్టు, డబ్బు కోసం చేసిన పేరడీ కూడా న్యాయమైన వినియోగం (ఫెయిర్ యూజ్, అంటే హక్కుదారు అనుమతి అక్కర్లేని వాడకం) కావచ్చని ఒక పాట కేసులో తేల్చింది. ఆస్ట్రేలియా 2006లో, కెనడా 2012లో, బ్రిటన్ 2014లో పేరడీ అనే మాటనే చట్టంలో రాసుకున్నాయి. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎ) ఇచ్చే మినహాయింపుల్లో సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్తలు ఉన్నాయి. పేరడీ లేదు. 2012లో అదే సెక్షన్‌ని సవరించినప్పుడు కూడా చేర్చలేదు. ఒక నాటకానికి జవాబుగా సివిక్ చంద్రన్ రాసిన ప్రతినాటకాన్ని కేరళ హైకోర్టు 1996లో కాపాడింది కానీ, దాన్ని విమర్శ కింద లెక్కగట్టి కాపాడింది. దానికితోడు సెక్షన్ 57 ఉంది. తన కృతిని వికృతం చేసి పరువు తీశారని మూల రచయిత ఆ సెక్షన్ కింద కోర్టుకెళ్లొచ్చు. వికృతం చేయకుండా పేరడీ ఎలా చేస్తారు?

ఈ అనిశ్చితిలో కోట్లు పెట్టి నౌక కట్టే నిర్మాత ఎవరుంటారు? కాబట్టే మన పేరడీ టీవీ స్కిట్‌లో విగ్గు, గొంతు అనుకరణ దగ్గర ఆగిపోయింది. వెండితెర మీద పూర్తి నిడివి స్పూఫ్‌గా గుర్తున్న 2012 నాటి ‘సుడిగాడు’ కూడా 2010 నాటి తమిళ సినిమాకి రీమేకే. యూట్యూబ్‌లో చేసే కుర్రాళ్లకి ఇంకో చిక్కు. ఒరిజినల్ బీజీఎం కొన్ని సెకన్లు వాడినా, కాపీని వెతికే యూట్యూబ్ యంత్రాంగం కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. వివాదం వేస్తే అవతలివాళ్లకి జవాబివ్వడానికి 30 రోజుల గడువు, అప్పటికి ఆ ట్రెండ్ చల్లారిపోతుంది. అదే వీడియో తీసేయించే టేక్‌డౌన్ దాకా వెళ్లి 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హెచ్చరికలు) పడితే ఛానలే పోతుంది.

చట్టం మారేలోగా వాళ్లు చేయగలిగింది జాన్ మోరిస్ చేసిన పనే. అసలు సినిమా క్లిప్పు ఒక్కటి కూడా అతికించకండి, ఆ షాట్‌ని మళ్లీ తీయండి. అదే వేగం, అదే వాద్యాల కుటుంబం తీసుకుని బాణీ మాత్రం సొంతంగా కట్టించండి. డబ్బు తక్కువైతే పది సీన్లకి పంచకుండా జనం మొదటి చూపులోనే గుర్తుపట్టే ఒక్క షాట్ మీద పెట్టండి, ఆ షాట్‌ని విసుగు దాటేదాకా నిలపండి. ఎంపీలు చేయాల్సిన పని ఇంకా చిన్నది. సెక్షన్ 52(1)(ఎ)లో ‘విమర్శ, సమీక్ష’ పక్కన ‘పేరడీ’ అనే ఒక్క మాట చేర్చాలి.