తెరిపిచ్చిన నాడే జాగ్రత్త

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద మూడో ప్రమాద హెచ్చరికను ఉపసంహరించాక కూడా ఏటిగట్టు మీద కాపలా ఉన్న పెద్దలు వెంటనే ఇంటికి పోరు. రోజుల తరబడి నానిన గట్టు, వరద ఒక్కసారిగా తీసినప్పుడు తన బరువుకు తానే జారుతుందని వారెరుగుదురు. గోదావరి డెల్టా తరతరాలుగా నేర్చిన ఈ జాగ్రత్తను, సెలవులు దొరికితే హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు బయలుదేరుతున్న మన పిల్లలు వెంట తీసుకువెళ్లడం లేదన్నదే మా ఆందోళన.

తుపాను వెలిసి నీలాకాశం కనిపించగానే మంచుకొండ పిలుస్తున్నట్టుంటుంది. అయితే ఒక్క రోజులో అడుగు మందాన కొత్త మంచు పడినా చాలు, మంచుచరియలు జారే ప్రమాదం పెరిగినట్టు లెక్క. గాలి దాన్ని ఎత్తుకుపోయి శిఖరానికి ఆవలి వాలు మీద అంతకు ఎన్నో రెట్లు పేరుస్తుంది. ఆ బరువు కింద పంచదార పలుకుల్లా విడివిడిగా ఉన్న పాత పొర ఉంటే, 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మనిషి అడుగే దాన్ని కదిలించగలదు. ప్రాణాంతకమైన ప్రమాదాల్లో దాదాపు 90 శాతం చరియలను కదిలించింది మృతులో, వారి తోటివారో. అడుగు వేయగానే మంచు గుభీమని కుంగినా, బీటలు పారినా, పక్క వాలు మీద చరియ అప్పుడే జారి కనిపించినా వెనుదిరగవలసిందే. ముందు వెళ్లినవారి అడుగుజాడలు భద్రతకు హామీ కావు.

2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా వద్ద మంచుచరియలు రోడ్డు పనివారి శిబిరాన్ని కప్పి ఎనిమిది మందిని బలిగొన్నాయి. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ముందురోజు సాయంత్రమే ఆ జిల్లాకు హెచ్చరిక జారీ చేసింది. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా శిఖరం మీద పాతిక మందికి పైగా మరణించారు. వారు దారి తెలియని యాత్రికులు కారు, నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంలోనివారు.

అంకెల్లోనూ ఒక తిరకాసుంది. మనకు మూడో హెచ్చరికంటే ఆఖరిది, ఊరు ఖాళీ చేయవలసినది. మంచుచరియల ప్రమాదాన్ని కొలిచే అంతర్జాతీయ కొలమానంలో మెట్లు ఐదు. మూడు నడిమిది కాబట్టి పర్వాలేదనిపిస్తుంది. ఆల్ప్స్ పర్వతాల్లో ఎక్కువ మంది ప్రాణాలు పోయేది ఆ మూడో మెట్టులోనే.

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరాల నుంచి యువతను తీసుకువెళ్లే నిర్వాహకులు మంచులోకి అడుగుపెట్టే ముందు ఆనాటి హెచ్చరికను తెలుగులో చదివి వినిపించాలి. మంచు పొరలను తవ్వి పరీక్షించగల గైడు ఉండాలి. మంచులో కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి పావుగంట దాటితే వేగంగా పడిపోతుంది. అంతలో హెలికాప్టరు రాదు కనుక జాడ తెలిపే బీకన్, గుచ్చి వెదికే కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, హెచ్చరిక కారణంగా యాత్ర ఆపితే కట్టిన సొమ్ము తిరిగివ్వాలన్న నిబంధన. డబ్బు పోతుందన్న బెంగ ఉన్నంతకాలం, వెనక్కి వెళదామని బృందంలో మొదట నోరు విప్పడానికి ఎవరూ సాహసించరు.