బంతికి ఎదురెళ్లేవాడు

2024 ఆగస్టు 4, ఆదివారం. ఇక్కడ డాలస్‌లో తెల్లవారుజామున మూడు. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు, నేను సౌండ్ బాగా తగ్గించేసి పారిస్ ఒలింపిక్స్‌లో ఇండియా, గ్రేట్ బ్రిటన్ హాకీ క్వార్టర్ ఫైనల్ పెట్టుకుని కూర్చున్నా. 17వ నిమిషంలో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్ స్టిక్ పైకి లేచి బ్రిటన్ ప్లేయర్ విల్ కాల్నన్ మొహానికి తగిలింది, వీడియో చూశారు, రెడ్ కార్డ్ ఇచ్చి పంపేశారు. ఆ క్లిప్ ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, నాకైతే కావాలని కొట్టినట్టు ఎప్పుడూ అనిపించలా.

ఐదు నిమిషాల్లో మా వాట్సాప్ గ్రూప్‌లో మొదలైపోయింది, "అయిపోయింది, వీడే ముంచాడు" అని. అసలు అందులో సగం మందికి ఆ పొద్దుటిదాకా రోహిదాస్ పేరే తెలీదు, నా బాధ అదే. పదేళ్ల ఆట ఆడిన మనిషి మనవాళ్లకి ఆ ఒక్క కార్డుతో పరిచయమయ్యాడు.

రోహిదాస్ ఏం చేస్తాడో చెప్తా. పెనాల్టీ కార్నర్‌కి (మనవాళ్లు గోల్ దగ్గర తప్పు చేస్తే అవతలి టీమ్‌కి ఇచ్చే ఛాన్స్) మన టీమ్‌లో గోలీతో, అంటే గోల్‌కీపర్‌తో, కలిపి ఐదుగురే గోల్ లైన్ వెనకాల నిలబడాలి, మిగతావాళ్లంతా సెంటర్ లైన్ అవతల. అవతలివాడు బంతి తోస్తాడు, డీ (గోల్ ముందు వంపుగా గీసిన గీత) బయట ఇంకొకడు ఆపుతాడు, మూడోవాడు స్టిక్‌తో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కొడతాడు, అంతా కలిపి రెండు సెకన్లు కూడా పట్టదు. బంతి ఒక్కోసారి గంటకి 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. ఆ బంతికి ఎదురుగా మొహానికి మాస్క్, మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని పరిగెత్తేవాడే ఫస్ట్ రషర్. ఇతను ఒక వైపు మూసేస్తే రెండో వైపు గోలీ చూసుకుంటాడు. బంతి తొడకి తగిలినా, పొట్టకి తగిలినా ఆ పూటకి పని జరిగినట్టే (మనం కిచెన్‌లో నూనె చిట్లితేనే ఆమడ దూరం గెంతుతాం). దీనికి స్కోర్‌బోర్డులో గడే లేదు.

ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా రోహిదాస్ వాళ్ల ఊరు. ఇండియాకి 412 మ్యాచ్‌లు ఆడిన దిలీప్ టిర్కీది కూడా ఆ ఊరే, ఆయనా డిఫెండరే, ఆ నీళ్లలో ఏముందో మరి. రోహిదాస్ రూర్కెలా దగ్గర పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్లో పెరిగాడు, 2013లో సీనియర్ టీమ్‌లోకొచ్చాడు, తర్వాత పక్కన పెట్టేశారు, రియో ఒలింపిక్స్ కూడా పోయింది. 2017లో మళ్లీ పిలిచారు. అక్కణ్ణించి టోక్యో కాంస్యం, 2023 వరల్డ్ కప్‌లో వైస్ కెప్టెన్, అదే ఏడాది హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ బంగారం. ఫార్వర్డ్ అయ్యుంటే ఈపాటికి మన సంక్రాంతి సంబరాల క్విజ్‌లో ప్రశ్నగా వచ్చేవాడు.

సరే, ఆ రోజు సంగతి. మిగిలిన 43 నిమిషాలూ పదిమందితోనే ఆడి 1-1 దగ్గర ఆపి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అందరూ మన గోలీ శ్రీజేష్‌కి దండం పెట్టారు, పెట్టాల్సిందే. కానీ రోహిదాస్‌కి ఇంకో మ్యాచ్ బ్యాన్ వేశారు, అప్పీల్ చేస్తే కుదరదన్నారు. సెమీస్‌లో జర్మనీ కొట్టిన మొదటి గోల్ ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? పెనాల్టీ కార్నర్ నుంచే, కొట్టింది వాళ్ల గొంజాలో పెయ్యాట్. రోహిదాస్ ఉంటే ఆగేదని ఒట్టేసి చెప్పలేను గానీ 3-2తో ఓడిపోయిన మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆగస్టు 8న స్పెయిన్ మీద తిరిగొచ్చాడు, 2-1తో గెలిచాం, కాంస్యం వచ్చింది. గ్రూప్‌లో మెడల్ ఫొటోలే ఫొటోలు, హర్మన్‌ప్రీత్ రెండు గోల్స్ అని, శ్రీజేష్ ఆఖరి మ్యాచ్ అని. నాలుగు రోజుల కిందట ముంచాడన్నవాళ్లు ఎవరూ ఆ ఊసే ఎత్తలా. నేనే ఉండబట్టలేక "మన ఫస్ట్ రషర్" అని మాస్క్ పెట్టుకుని పరిగెత్తుతున్న ఫొటో ఒకటి పెట్టా. సాయంత్రానికి ఒక్క లైక్ వచ్చింది, అది కూడా మా బావగారిది.