మా బావ సముద్రం

ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టేవాళ్ళకి చేపలు ఒక వంక మాత్రమే, అసలు సరదా అంతా కింద అలమరలో పైపులతోనే అని మా బావని చూశాకే నాకు అర్థమైంది. ట్యాంకులో ఉండేది రెండే రెండు క్లౌన్ చేపలు, ఒకటి బొటనవేలంత, ఇంకోటి అంత కూడా ఉండదు (వీటిలో పెద్దది ఆడది, పెత్తనం మొత్తం దానిదే, ఆ ట్యాంకు మొత్తంలో మా అక్కకి నచ్చిన విషయం ఇదొక్కటే), కొన్ని పగడాల ముక్కలు, అద్దాల మీద పాచి తినడానికి నత్తలు. కింద తలుపు తీస్తే మాత్రం ఐసీయూ.

అన్నీ సొంత తయారీలే. స్కిమ్మర్ అని ఒక పీవీసీ గొట్టం, అడుగునుంచి సన్నటి గాలి బుడగలు వదిలితే నీళ్ళలో మురికి ఆ బుడగలకి అంటుకుని నురగలా పైకొచ్చి కప్పులో పడుతుంది, ఆ కప్పు తెచ్చి మన ముక్కు కింద పెట్టి "చూశావా ఎలా పనిచేస్తోందో" అంటాడు, కంపు ఎంత ఎక్కువుంటే ఆయనకి అంత ఆనందం. ఆ పక్కన డోసింగ్ పంపులు. పగడాలు ఒళ్ళు కట్టుకోడానికి నీళ్ళలోంచి కాల్షియం, ఆల్కలినిటీ (అంటే నీళ్ళ క్షారగుణం) రెండూ లాగేసుకుంటాయట, అందుకని ఒక డబ్బాలో కాల్షియం క్లోరైడ్, ఇంకో డబ్బాలో మా అక్క ఓవెన్‌లో గంటసేపు వేయించిన వంటసోడా, రోజూ కొలత ప్రకారం రెండూ పడుతూ ఉండాలి. చూడ్డానికి నీట్‌గా ఉంటుందని మొదట్లో రెండు గొట్టాల చివర్లూ పక్కపక్కనే బిగించాడు, ఆ రెండూ నేరుగా కలిస్తే తయారయ్యేది సుద్ద, దాంతో ఓ పూటంతా ట్యాంకులో చేపలు కనపడలేదు. సరే అదేం పెద్ద విషయం కాదు, ఒక గొట్టం ఆ చివరికి మార్చేశాడు.

అసలు కథ కరెంటు పోయిన రాత్రిది.

కింద అలమరలో ఇంకో తొట్టి ఉంటుంది, దాన్ని సంప్ అంటారు, అందులోంచి మోటారు నీళ్ళని పైకి తోస్తుంది, ఆ పైపు మూతి ట్యాంకులో నీటిమట్టానికి 10 సెంటీమీటర్లు కిందకుంటుంది. మోటారు ఆగిందంటే అదే పైపులోంచి నీళ్ళు సైఫన్ పట్టి వెనక్కి, మూతికి గాలి తగిలేదాకా దిగుతూనే ఉంటాయి. ట్యాంకు పొడవు 100, వెడల్పు 45 సెంటీమీటర్లు, అంటే మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే నాలుగున్నర లీటర్లు, పది తగ్గితే 45. సంప్‌లో ఖాళీ 15 లీటర్లకే ఉంది. ఇదంతా బావకి తెలీదా అంటే బ్రహ్మాండంగా తెలుసు, నాకు చెప్పిందే ఆయన. అందుకే నీటిమట్టానికి కాస్త కింద పైపుకి చిన్న బెజ్జం పెట్టాడు, మట్టం అంతదాకా దిగగానే బెజ్జంలోంచి గాలి దూరి సైఫన్ తెగిపోవాలి. ఎందుకైనా మంచిదని నీళ్ళని వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ కూడా కింద వేశాడు.

నేను ఆ రోజు హాల్లోనే పడుకున్నా. రోజంతా గుయ్యిమనే మోటార్లు ఒక్కసారిగా ఆగిపోయేసరికి మెలకువ వచ్చింది, హమ్మయ్య ఇప్పుడైనా నిద్ర పడుతుంది అనుకుంటుంటే సన్నగా గుటగుటమని చప్పుడు, తర్వాత దుప్పటి అంచు చల్లగా తగిలింది. ఇంతలో అక్క చీకట్లో నడిచొచ్చి చప్పున అడుగేసింది.

"ఏమండీ! మీ సముద్రం బయటికొచ్చింది!"

"రాదు, బెజ్జం పెట్టా" అన్నాడు బావ గదిలోంచి, లేవకుండానే.

ఫోన్ లైట్ వేసి చూస్తే బెజ్జం ఉంది, దాని మీద నత్త ఉంది. మామూలుగా పక్కన కాదు, సరిగ్గా బెజ్జం మీద, పాదం మొత్తం పరిచి అతుక్కుని, మీసాలు మాత్రం తీరుబడిగా ఆడిస్తోంది. అంత పెద్ద ట్యాంకులో దానికి ఇంకెక్కడా పాచి దొరకలేదు మరి. చెక్ వాల్వ్ సంగతా, రెక్క అంచున సున్నం గట్టిపడి పూర్తిగా మూసుకోలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ప్లగ్గులన్నీ ఎత్తులో పెట్టి, ప్రతి వైరునీ ఒక వంపు కిందకి దింపి మళ్ళీ పైకి తీసుకెళ్ళాడు, నీళ్ళు వైరు వెంట పాకినా ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లేకపోతే ఇది హాస్యంగా రాసే పరిస్థితి ఉండేది కాదు.

ముగ్గురం బకెట్లు, పాత తువ్వాళ్ళు పట్టుకుని దిగాం. మామూలు నీళ్ళయితే తుడిస్తే పోతాయి, ఇవి లీటరుకి 35 గ్రాముల ఉప్పున్న నీళ్ళు, 30 లీటర్లంటే కిలో ఉప్పు, ఎంత తుడిచినా ఆరాక తెల్లగా తేలుతుంది, గాలిలో తేమ తగిలితే మళ్ళీ జిగట, సోఫా కాళ్ళ కింద ఇప్పటికీ ఉంది.

మధ్యలో కరెంటొచ్చింది. మోటారు నీళ్ళని మళ్ళీ పైకెక్కించేసరికి సంప్‌లో మట్టం తక్కువుందని ఫ్లోట్ స్విచ్ కనిపెట్టి, పక్క డ్రమ్ములోంచి మంచినీళ్ళు తోడటం మొదలెట్టింది. "చూశావురా బామ్మర్దీ, దానంతటదే సర్దుకుంటోంది" అని బావ పిండుతున్న గుడ్డ చేత్తోనే పట్టుకుని మురిసిపోయాడు. మామూలుగా ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది, కాబట్టి మంచినీళ్ళు పోస్తే సరిపోతుంది. పోయిన నీళ్ళు ఆవిరై పైకి పోయాయో, అలమర కింద నుంచి నా పరుపులోకి పోయాయో స్విచ్‌కేం తెలుసు? మేం తుడవడం అయ్యేసరికి లోపల ఉప్పు 35 నుంచి 31కి దిగింది. ఇక ఆ రాత్రి ఉప్పు కలిపే డ్యూటీ నాది.

చేపలకి ఏం కాలేదు, పెద్దది చిన్నదాన్ని ఓ మూలకి తరుముతూనే ఉంది. నత్తని తీసి అవతల గాజుకి అంటించారు. పొద్దున్నే బావ బెజ్జం చుట్టూ జాలీ కట్టేసి, ఇంకో పెట్టె ముందేసుకుని వైర్లు అతికిస్తున్నాడు.

"ఇదేంటి బావా?"

"లీక్ అలారం. నేల మీద చుక్క నీళ్ళు పడితే చాలు, ఇల్లంతా లేచిపోతుంది."

అక్క వంటింట్లోంచి తొంగి చూసింది. "దానికి బ్యాటరీనా?"

"బ్యాటరీ ఎందుకు, అడాప్టరే, ప్లగ్గులో పెట్టేస్తే అయిపోతుంది."

"కరెంటు పోతేనే కదండీ నీళ్ళొచ్చేది?"