పేలాలకు మూడు మంత్రాలు

మొన్న రాత్రి టీవీలో ఓ ఆర్థిక పండితుడు సెలవిచ్చారు. సర్కారు పొదుపుగా ఉండి పన్నులను సంస్కరిస్తే చాలు, వృద్ధి తనంతట తానే పరుగెత్తుకొస్తుందట. నాకు వెంటనే మొక్కజొన్న పేలాలు గుర్తొచ్చాయి.

పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమా అని మన పెద్దలు వెక్కిరించేవారు. ఆ నింద జీఎస్టీ మండలికి అంటదు. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కొలువుతీరి, ఒక్క పేలాలకే మూడు మంత్రాలున్నాయని స్పష్టం చేసింది. ఉప్పూకారం చల్లి విడిగా అమ్మితే 5 శాతం పన్ను. పొట్లం కట్టి పేరు అచ్చేస్తే 12. పంచదార పాకం తగిలిందా, అవిక పేలాలు కావు, మిఠాయి. 18 కట్టు!

తిరునాళ్లలో పేలాల బండి దగ్గరికి అధికారి వచ్చాడనుకోండి. (చిన్న వ్యాపారులకు మినహాయింపు ఉందని నాకూ తెలుసు, కథకు అడ్డు రాకండి.) ఒక గింజ నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "తీపి తగులుతోంది." "మొక్కజొన్నే కాస్త తీపి బాబూ!" పక్క మూకుడులోంచి పాకం చుక్క చింది ఒక గింజ మీద పడిందని తేలింది. ఆ గింజకు 18, మిగతా వాటికి 5. దాన్ని చట్టప్రకారం వేరు చేసేందుకు పట్టకారు మంజూరు చేయాలని పైఆఫీసుకు లేఖ వెళ్లింది. చక్కెర జబ్బున్న ఉద్యోగికి రుచి చూసే పని అప్పగించవచ్చా అన్నది వేరే ఫైలు.

తొమ్మిది నెలలకు పేలాలన్నిటికీ 5 శాతమే అన్నారు. ముడి వేసినవారే విప్పి, దాన్ని మహా సంస్కరణ అని పండగ చేశారు.

ఇక పొదుపు. సర్కారు రాబడికి మించి ఖర్చు పెట్టే లోటును దించుతామని 2003లోనే చట్టం చేసుకున్నాం, జీడీపీలో 3 శాతం చాలని మరుసటి ఏడాది నిబంధనల్లో రాసుకున్నాం. 2019-20లో 3.3 అనుకుని 4.6 దగ్గర తేలాం. ఆ ఏడాది సెప్టెంబరులోనే, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఖజానా ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటోందని సర్కారే లెక్క చెప్పింది. పెట్టుబడులు వెల్లువెత్తుతాయన్నారు. ఆ ఏడాది వృద్ధి 4 శాతం దగ్గర చతికిలబడింది. అదే డబ్బు ఉపాధి హామీ కూలీలకు ఇమ్మని అడిగి ఉంటే లోటు, క్రమశిక్షణ, భావి తరాలు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేవి.

ఇక్కడే నాకు నవ్వు రావడం లేదు. 2017 జులై నుంచి ఎనిమిదేళ్లకు పైగా వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ గుంజారు. మా నాన్న పాలసీ రసీదు నా దగ్గరే ఉంది. ప్రీమియం 40,000, దాని కింద పన్ను 7,200. సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. డెబ్బై ఏళ్ల మనిషి గుండెకీ పంచదార పాకానికీ ఒకే రేటు! ఆ ఒకే మంత్రం చివరికి ఇక్కడ పనికొచ్చింది. సిగ్గనేది ఉండాలి ఎవరికైనా. 2025 సెప్టెంబరులో ఎత్తేసి, కానుక అన్నారు. మా జేబులోంచి ఏళ్ల తరబడి లాక్కోవడం మానేస్తే అది కానుకా?

పండితుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. నాన్న టీవీ కట్టేసి, రాత్రి మాత్రకు మంచినీళ్లు అడిగారు.