మెనూ కార్డు మొదటి పేజీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హెరిటేజ్ రెస్టారెంటు మెనూ కార్డు మొదటి పేజీ గారికి,

నమస్కారాలు. ఆకలితో వచ్చినవాడికి ముందు అన్నం పెట్టి, ఆనక వంశచరిత్ర చెప్పుకోవడం మన వైపు మర్యాద. హైదరాబాదులో ఒక పాత దేవిడీని, అంటే నవాబుల కాలపు భవంతిని, రెస్టారెంటుగా మార్చారని విని, మధ్యాహ్నం నాలుగు మెతుకులు తిని పోదామని వచ్చిన నాకు, తమరు మంచినీళ్లకన్నా ముందే నవాబుగారి ముత్తాతను పరిచయం చేశారు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఈ హాలులోనే విందారగించారని తమరు సెలవిచ్చారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల ఉన్న ప్రభువు, దాన్ని వదిలి తమ హాలుకు, ఇంకా ఈ ఊళ్లో ఇదే మాట చెప్పుకునే ప్రతి హాలుకూ విచ్చేసి ఉంటే, పాపం, రాజ్యం చూసుకోవడానికి ఆయనకు తీరిక ఎప్పుడు దొరికిందో! అంతటి ప్రభువు తిన్నచోట ఖట్టీ దాల్, బగారా అన్నం అడిగితే లేవన్నారు. ‘నిజామీ పాస్తా’ మాత్రం వేడివేడిగా ఉందట.

గోడల విషయానికి వద్దాం. డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి కట్టిన ఈ మందపాటి గోడలు నడివేసవిలోనూ గదిని చల్లగా ఉంచుతాయని తమరు ఎంతో అందంగా వర్ణించారు. అవే గోడలకు తూట్లు పొడిచి ఏసీలు బిగించిన సంగతి, సున్నపు పూత మీద ప్లాస్టిక్ పెయింటు పులమడం వల్ల లోపలి చెమ్మ బయటికి పోలేక పెచ్చులు ఊడుతున్న సంగతి రాయడానికి తమకు చోటు చాలలేదు కాబోలు. అటువంటి పెచ్చు ఒకటి నా పెరుగుచట్నీలో పడింది. సర్వరు దాన్ని చెంచాతో అంచుకు నెట్టి, ‘పాత బిల్డింగు కదా సార్’ అని అదేదో ప్రసాదంలాగా గిన్నెను మళ్లీ నా ముందుకే జరిపాడు.

చరిత్రను అంత పెద్ద అక్షరాలలో వేసిన కార్డులో, ‘సర్వీస్ ఛార్జి 10 శాతం’ అన్న ముక్క మాత్రం చిట్టచివరి పేజీ అడుగున చీమ తలకాయంత ఉంది. దాన్ని బలవంతంగా బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. మొదటి పేజీకి తెలిసిన కబుర్లు చివరి పేజీ దాకా చేరవేమో.

అదేమిటని అడిగితే, ‘కట్టడం సంరక్షణకండీ’ అన్నారు మేనేజరు గారు. మంచిదే. అలాగైతే వచ్చే ముద్రణలో నవాబుగారి ముత్తాతను రెండు వాక్యాలు కుదించి, ఈ ఏడాది కొన్న సున్నం ఎన్ని బస్తాలో, మేస్త్రీకి ఇచ్చిన కూలి ఎంతో అక్కడ అచ్చు వేయించగలరు. నా పెచ్చు ఏ గోడదో కూడా రాస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
కిటికీ పక్క బల్ల దగ్గర ఇంకా బిల్లు సవరణ కోసం ఎదురుచూస్తున్న తమ విధేయుడు