పసిపిల్లల ఆటల్లో ప్రబలుతున్న అరాచకం

మన అంగన్‌వాడీల్లోనూ ప్లేస్కూళ్ళలోనూ ఆరేళ్ళు కూడా నిండని పిల్లలు, వైకల్యం ఉన్న తోటిపిల్లలను ఏ అధికారి సంతకమూ లేకుండా ఆటలో కలుపుకుంటున్నారన్న విషయాన్ని బాధ్యత గల పెద్దలు ఇకనైనా తీవ్రంగా పరిగణించాలి. దాగుడుమూతల్లో వినికిడి లేని పిల్లవాడు దొంగ అయితే, దాక్కున్నామని కేక వేసి లాభం లేదు కాబట్టి, ఒకడు వచ్చి వాడి భుజం తట్టి మళ్ళీ పరుగెత్తి దాక్కుంటాడు. నడకకు ఊతమిచ్చే క్యాలిపర్లు కాళ్ళకున్న పిల్లను మొదట ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు; తాను దొంగ కావలసిందేనని ఆ పిల్ల గోల చేస్తే, ఆమె దొంగగా ఉన్నంతసేపూ మిగిలినవాళ్ళంతా ఒంటికాలిమీదే గెంతాలని అక్కడికక్కడే తీర్మానించేస్తారు. ఈ సవరణలకు ముసాయిదా లేదు, అభ్యంతరాల స్వీకరణ లేదు, గెజెట్ ప్రకటన అసలే లేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7గా ఉన్న వైకల్యాల పట్టికను 2016 చట్టంలో 21కి పెంచడానికి పెద్దవాళ్ళమైన మనకే 21 ఏళ్ళు, అంటే సగటున ఏడాదిన్నరకు ఒకటి చొప్పున, పట్టిందన్న సంగతి ఈ పిల్లలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అదృష్టవశాత్తూ కొన్ని ప్లేస్కూళ్ళు ఈ దూకుడుకు అడ్డుకట్ట వేశాయి. గేటు మీద సహిత విద్య (అంటే వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి చదవడం) అన్న బోర్డు, గేటు దాటగానే నిటారుగా మెట్లు, కరపత్రంలో నవ్వుతున్న ఒక వీల్‌చైర్ పిల్ల ఫొటో అనేవి పైపై ఏర్పాట్లు మాత్రమే. అసలైన కట్టడి, ఒక్క పిల్లవాడికి తోడుగా పక్కనే ఉండే షాడో టీచరు. ఆమెను వెతుక్కోవలసిందీ జీతం ఇవ్వవలసిందీ తల్లిదండ్రులే. ఆటిజం ఉన్న పిల్లవాడికీ మిగతా తరగతికీ మధ్య ఆమె ప్రహరీగోడలా కూర్చుంటుంది. గుజ్జనగూళ్ళు ఆడుతున్న నాలుగేళ్ళ పిల్ల ఇసుక అన్నం పళ్ళెంలో పెట్టుకొని వచ్చి "తింటావా?" అని అడిగితే, పిల్లవాడు ఇంకా ఆలోచిస్తుండగానే టీచరమ్మ "థాంక్యూ చెప్పు నాన్నా" అని వాడి చెయ్యి పట్టుకొని తానే ఊపేస్తుంది. వడ్డించేవారికి పని ముగిసిపోయింది గనుక ఆ పిల్ల వేరే బంతికి వెళ్ళిపోతుంది. ఆ రోజు రిజిస్టరులో "తోటిపిల్లలతో సంభాషించెను" అని పడుతుంది.

పెద్దలు పక్కనే అంటిపెట్టుకొని ఉంటే తోటిపిల్లలు దగ్గరకు రావడం తగ్గుతుందనీ, ఒకే గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన స్నేహం కుదరదనీ పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. అమెరికాలో ఫిలిప్ స్ట్రెయిన్ వంటివారైతే మరీ ముందుకుపోయి, మామూలు పిల్లలకే కొన్ని చిన్న విద్యలు నేర్పించి చూశారు: పేరుపెట్టి పిలవడం, బొమ్మ చేతికి అందించడం, జవాబు రాకపోతే విసుక్కోకుండా మళ్ళీ ప్రయత్నించడం. ఇందులో చివరిది మన స్కూళ్ళలో పెద్దలకు కూడా సిలబస్‌లో లేదు.

కళ్ళగంతల ఆట సంగతి చూడండి. చూపున్న పిల్లలు నేనంటే నేనని పోటీపడి కళ్ళకు గుడ్డ కట్టించుకుంటారు. ఆ గుడ్డ అవసరమే లేని పిల్లను మాత్రం, పడిపోతుందన్న జాలితో, బల్లమీద కూర్చోబెడతారు. ఇందులో తప్పేమీ లేదని శాస్త్రం ఒప్పుకుంటుంది కూడా. పసిపిల్లలు తమలో తాము కలిసే తీరును 1932లో వర్గీకరించిన అమెరికా పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్, ఇతరులు ఆడుతుంటే చూస్తూ ఉండడాన్నీ ఒక రకంగా లెక్కవేసింది. అది పిల్ల తనంతట తాను ఎంచుకునేదని ఆమె ఉద్దేశం. బల్లను ఎంచుకున్నది ఎవరన్నది మన రిజిస్టరు అడగదు. ఇక స్పీచ్ థెరపీని సరిగ్గా ఆటల గంటలోనే పెట్టి, కలిసి మాట్లాడవలసిన తోటిపిల్లలందరూ బయట ఉండగా, మాటలు నేర్పించడానికి మాటలు సరిగ్గా రాని పిల్లవాణ్ణి లోపలికి తీసుకువెళ్ళే టైంటేబులు రచయితకు ప్రత్యేకంగా సన్మానం చేయాలి.

చట్టం కూడా తొందరపడలేదు. 2016 చట్టంలోని 16వ సెక్షను, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు చదువుతోపాటు ఆటల్లోనూ సమాన అవకాశం ఇచ్చేలా చూడాలంటుంది. 31వ సెక్షను ఉచిత విద్య హక్కును 6 నుంచి 18 ఏళ్ళ వారికి ఇచ్చింది కనుక, మూడేళ్ళ పిల్ల మరో మూడేళ్ళు ఓపిక పట్టాలి. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీలకు ఒక ప్రోటోకాల్ విడుదల చేసింది. గుడ్లు లెక్కపెట్టి, బరువులు తూచి, ఫోనులో అన్నీ నమోదు చేశాక అంగన్‌వాడీ టీచరు దాన్ని తీరిగ్గా అమలు చేయవచ్చు.

అంతవరకు మండలానికొక ఆటల పర్యవేక్షణ సంఘం వేయాలని నా మనవి. నియమం మార్చదలచిన పిల్లలు మూడు ప్రతుల్లో దరఖాస్తు ఇవ్వాలి, వేలిముద్రలు చెల్లుతాయి. సంఘం నివేదిక ఇచ్చేసరికి పిల్లలకు ఆరేళ్ళు దాటిపోతాయని కొందరు అభ్యంతరం చెబుతున్నారు. దాటితే మంచిదే: పిల్లలతోపాటు దస్త్రం కూడా పాఠశాల విద్యాశాఖకు బదిలీ అవుతుంది, అక్కడివారు కొత్త సంఘం వేసుకుంటారు.