ఫ్రీస్టైల్ అంటే ఇష్టమొచ్చినట్టేనా?

ఈమధ్య స్టెప్పు మర్చిపోయినవాడిదీ ఫ్రీస్టైలే, ప్రాస కుదరనివాడిదీ ఫ్రీస్టైలే. సంగీత్‌కి నేర్పిన డాన్సు రాకపోతే "నాది ఫ్రీస్టైల్ బావా" అని చేతులు ఊపేస్తారు. ఊపుకోండి, పెళ్లే కదా. కానీ ఆ వీడియోనే రీల్ చేసి "ప్యూర్ ఫ్రీస్టైల్, నో ప్రాక్టీస్" అని గొప్పగా రాసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పేరుతో ఉన్న అసలు ఆటల్లో ప్రాక్టీస్ లేకుండా ఒక్కటీ నడవదు. రూల్సూ తక్కువేం కాదు.

ఈత సంగతి చూడండి. ఫ్రీస్టైల్ రేసులో బ్రెస్ట్ స్ట్రోక్ కొట్టినా ఎవరూ తప్పుపట్టరు. అయినా అందరూ ఫ్రంట్ క్రాలే (చేతులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకేసే ఈత) కొడతారు, అన్నిటికన్నా వేగం అదే కాబట్టి. అందులోనూ డైవ్ చేశాక, ప్రతి టర్న్ తర్వాత 15 మీటర్లు దాటి నీళ్ల అడుగున ఉండకూడదు. నాలుగు రకాల ఈతలూ వరసగా కొట్టే మెడ్లీలో ఫ్రీస్టైల్ వంతు వచ్చేసరికి మిగతా మూడు స్ట్రోకులూ బంద్! కుస్తీలో ఫ్రీస్టైల్ అంటే, గ్రీకో-రోమన్ అనే ఇంకో రకం కుస్తీలో కుదరని పని చెయ్యొచ్చు: ప్రత్యర్థి కాళ్లు పట్టొచ్చు. అంతే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల బరువు ఎక్కువై ఫైనల్ పోగొట్టుకుంది ఈ ఫ్రీస్టైల్‌లోనే.

కుక్కల ఫ్రీస్టైల్ అంటే మాత్రం మనవాళ్లు పగలబడి నవ్వుతారు. పాట పెట్టి, కుక్కా దాని హ్యాండ్లరూ కలిసి చేసే డాన్సు అది. ఇంగ్లండ్‌లో క్రఫ్ట్స్ డాగ్ షోలో ట్రైనర్ మేరీ రే ప్రదర్శనలతో జనానికి బాగా ఎక్కింది. అక్కడ దీనికి రెండు విభాగాలు. హీల్‌వర్క్‌లో ప్రోగ్రాంలో కనీసం మూడింట రెండొంతులు కుక్క మనిషి పక్కనే అంటిపెట్టుకుని నడవాలి. ఫ్రీస్టైల్‌లో దూరంగా వెళ్లొచ్చు, కాళ్ల మధ్య నుంచి దూరొచ్చు, వెనక్కి నడవొచ్చు, గిరగిరా తిరగొచ్చు.

నాకు బాగా నచ్చేది దీని వెనకున్న పని. కుక్క పాటకి తగ్గట్టు ఆడుతోందని మనం మురిసిపోతాం గానీ, నిజానికి కుక్క నడక వేగం చూసుకుని దానికి సరిపోయే పాటని మనిషే వెతుక్కుంటాడు. ఒక్కో కదలిక విడివిడిగా, బిస్కెట్ ముక్క ఇచ్చి ఇచ్చి నేర్పుతారు. తర్వాత వాటిని వరసగా కలుపుతారు. పోటీలో బిస్కెట్ ఉండదు. హ్యాండ్లర్ స్టైల్‌గా చెయ్యి విసిరాడనుకుంటాం, ఆ విసురే కుక్కకి సిగ్నల్. ఇదంతా చూశాక మన రీల్స్‌లో పాపం కుక్క ముందు కాళ్లు పట్టి లేపి, డీజే పాటకి ఊపేవాళ్లని చూస్తే ఏమనాలో తెలియదు. దాని నడుం సంగతి ఎవడికి పట్టింది!

ర్యాప్‌లోనూ ఇదే తంతు. అప్పటికప్పుడు అల్లేదే ఫ్రీస్టైల్ అని ఇప్పుడు అందరూ అనుకుంటారు. కానీ 1980ల్లో ఆ మాటకి అర్థం వేరని ర్యాపర్ బిగ్ డాడీ కేన్ చెప్పాడు: ఫలానా విషయం అంటూ లేకుండా, కూర్చుని రాసుకున్న ర్యాప్. అప్పటికప్పుడు అల్లడమే గొప్పయితే మన అవధానుల ముందు ఎవరు నిలబడతారు? నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటే ఛందస్సు తప్పకుండా పద్యం నడిపిస్తారు. వాళ్లెవరూ "నో ప్రాక్టీస్" అని చెప్పుకోగా నేను వినలేదు.

ఇక నా పిచ్చి అసలు వేరే ఫ్రీస్టైల్ మీద. 1980ల్లో న్యూయార్క్, మయామీల్లో, ముఖ్యంగా లాటిన్ అమెరికా మూలాలున్న కుర్రకారు మధ్య పెరిగిన డాన్స్ సంగీతం. డ్రమ్ మెషీన్, సింథసైజర్, లాటిన్ తాళం. 1983లో వచ్చిన గాయని షానన్ పాట 'లెట్ ద మ్యూజిక్ ప్లే'తో ఊపందుకుంది. 1987లో లిసా లిసా అండ్ కల్ట్ జామ్ అనే బ్యాండ్ పాటలు రెండు అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయ్యాయి. ఇందులో అప్పటికప్పుడు అల్లేది ఏమీ లేదు, అంతా స్టూడియోలో చెక్కిన సరుకే. విషయం మాత్రం దాదాపు ఒకటే: వదిలేసి వెళ్లావు, తిరిగి రా. గొంతులో ఏడుపు, కింద ఆగని బీటు.

మన సినిమాల్లో లవ్ ఫెయిల్యూర్ అంటే గడ్డం, మందు గ్లాసు, నీరసమైన వయొలిన్. మన ఏడుపు మనల్ని కుర్చీలో కూలేస్తుంది, వాళ్ల ఏడుపు లేపి ఆడిస్తుంది. నా ఓటు రెండోదానికే. ఈ విషయంలో యూట్యూబ్‌లో వచ్చే తెలంగాణ లవ్ ఫెయిల్యూర్ ఫోక్ పాటల డీజే రీమిక్సులే నయం. గుండె పగిలిందని పాడుతూనే బరాత్‌లో దుమ్ము లేపుతాయి. వాటిని చీప్ అనేవాళ్లతో నేను గొడవకి రెడీ.

ఉత్తినే ఫ్రీస్టైల్ అని వెతికితే ర్యాపే వస్తుంది. లాటిన్ ఫ్రీస్టైల్ అని వెతకండి. ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి స్పీకర్‌లో పెట్టుకోండి. పక్కింటివాళ్లు అడిగితే నా పేరు చెప్పండి.